ప్రథమ జీవశాస్త్ర పాఠములు: ఒక విమర్శనము

శాస్త్రము పాఠశాలలో ప్రవేశించినంత మాత్రమున గృహములో ప్రవేశించినట్లు కాదు. నేడు మన బాలబాలికలలో చాలమంది జీవశాస్త్రమును చదువుచున్నారు. కణమనగా నేమో నాలుగు పంక్తులలో వ్రాయగలరు. జీర్ణమండలము బొమ్మ గీచి భాగములకు పేరులు పెట్టగలరు. పోషకపదార్థముల పట్టికను తడుముకొనకుండ ఒప్పగింపగలరు. అయినను, అట్లు చదివిన బాలికయే కొన్నియేండ్లకు తల్లియై, విరేచనములగుచున్న బిడ్డకు నీరు పోసినచో విరేచనములు హెచ్చునని భయపడి, గ్రుక్కెడు నీటిని నిరాకరించుట మన యిండ్లలో వినని సంగతి కాదు. అట్లు చదివిన బాలుడే గృహస్థుడై, బియ్యమెంత తెల్లగానున్న అంత శ్రేష్ఠమని యెంచుట వింత కాదు. పాఠమునకును వంటయింటికిని నడుమ ఈ గోడ యెట్లు లేచినది? లోపము బాలల బుద్ధియందు లేదు. ఉపాధ్యాయుల యశ్రద్ధ కొంత యుండవచ్చునుగాని, అదియే ముఖ్యకారణము కాదు. పాఠమును కూర్చిన తీరులోనే లోపమున్నదని మా యభిప్రాయము. ఆ తీరును పరీక్షించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

ముందుగా న్యాయము చెప్పవలయును. నేటి పాఠ్యపుస్తకములు వెనుకటివానికన్న ఎన్నోవిధముల మేలైనవి. రంగుల చిత్తరువులున్నవి, చేసిచూడుడని కృత్యములున్నవి, ప్రశ్నలు తఱుచుగా నున్నవి. కాగితమును ముద్రణయును మెఱుగుపడినవి. ఇన్ని యుండియు ఫలమేల కొఱతపడుచున్నదనునదే ప్రశ్న.

సాధారణముగా మన పుస్తకములలో కణమొక తరగతిలో వచ్చును. జీర్ణక్రియ మఱియొక తరగతిలో వచ్చును. ఆహారము, పోషకములు, లోపవ్యాధులు వేఱొకచోట వచ్చును. ఒక్కొక్క పాఠమునకు దాని బొమ్మలు, దాని నిర్వచనములు, దాని ప్రశ్నలు. మూడు పాఠములును మూడు ద్వీపములవలె నుండును. ఒకదానినుండి మఱియొకదానికి పోవుటకు వంతెన యుండదు. ఆ వంతెన కట్టుటకు వలసినది ఒక్క వాక్యము. అది యిది: తినునది నోరు కాదు, కడుపు కాదు, కణము. నోరును కడుపును ప్రేవులును ఆ కణమునకు వండిపెట్టునవి మాత్రమే. ఈ వాక్యము నడుమ నిలిచినచో మూడు పాఠములును ఒకే కథ యగును. ఇది లేనందున కణము బొమ్మగాను, జీర్ణము పేరుల వరుసగాను, పోషణము పట్టికగాను మిగిలిపోవుచున్నవి.

ఈ మాటను కొంచెము విప్పి చూతము. 1665వ సంవత్సరమున రాబర్టు హుక్కు అను ఆంగ్లేయుడు బెండును పలుచగా కోసి, సూక్ష్మదర్శినిలో చూచి, తేనెపట్టులోని గదులవంటి గదులను కనుగొనెను. ఆయన చూచినవి చచ్చిన గోడలే. లోపలివాడు ఎప్పుడో వెడలిపోయెను. వృక్షములన్నియు నిట్టి గదులచే నిర్మితములని 1838లో ష్లైడెను, జంతువులును అట్టివేయని 1839లో ష్వాను స్థాపించిరి. ఒక కణము వేఱొక కణమునుండియే పుట్టునని 1855లో విర్కో ప్రకటించెను. హుక్కు చూచిన గోడనుండి విర్కో చెప్పిన జీవమువఱకు రమారమి రెండువందల యేండ్లు పట్టినది. మన శరీరములోని కణములు చాలవఱకు ఎంత చిన్నవనగా, ఒక మిల్లీమీటరు పొడవున ఏబది మొదలు నూఱువఱకు వరుసగా నిలుపవచ్చును. ఒక్కొక్కదాని చుట్టును ఒక పలుచని పొర యున్నది. ఆ పొర అన్నింటిని లోనికి రానీయదు. అన్నములోని పిండిపదార్థపు అణువు చక్కెర అణువులు వందలు వేలుగా గ్రుచ్చిన పొడవైన గొలుసు. అది యా పొరను దాటలేదు. గొలుసు తెగి, ఒక్కొక్క పూస విడివడినప్పుడే దానికి దారి దొరకును. గొలుసును త్రెంచు పనికే జీర్ణమని పేరు. ఇంత చెప్పినచో, జీర్ణక్రియ యెందుకు అను ప్రశ్నకు సమాధానము దొరకినది. మన పుస్తకములు జీర్ణక్రియ యెక్కడ, ఏ రసముచేత అనునది చెప్పునంత శ్రద్ధతో, ఎందుకు అనునది చెప్పవు. ఎందుకో తెలియని పని జ్ఞాపకముండదు, ఉన్నను ఉపయోగపడదు.

ఇక మాటల సంగతి. మన శాస్త్రపరిభాషలో చాలభాగము సంస్కృతమునుండి వచ్చినది. ఇంగ్లీషు పదములనే వాడవలెనని కొందఱు, సంస్కృతపదములనే వాడవలెనని కొందఱు, అచ్చతెనుగు చేయవలెనని కొందఱు చిరకాలముగా వాదించుచున్నారు. మాకు మూడింటితోను వైరము లేదు. పదము ఏ భాషదైనను, అది బాలుని మనస్సులో దేనినైనను చూపునా లేదా అనునదే మా పరీక్ష. ఆ పరీక్షకు మొట్టమొదట నిలువలేనిది కణమను పదమే. కణమనగా నూక, రవ్వ, లోపల ఖాళీలేని గట్టి తునుక. వైశేషికుల కాలమునుండియు ఈ మాటకు సూక్ష్మమైన తునుక యనియే స్ఫురణ. భౌతికశాస్త్రపు ఉపాధ్యాయుడు ఉదయము ఎలక్ట్రాను ఒక కణమని చెప్పి పోవును. మధ్యాహ్నము జీవశాస్త్రపు ఉపాధ్యాయుడు వచ్చి ఏనుగు దేహమంతయు కణములతో కట్టబడినదని చెప్పును. ఒకే మాట, రెండు వస్తువులు. హిందీవారు మొదటిదానిని కణమనియు, రెండవదానిని కోశికయనియు వేఱుపఱచుకొనిరి. కన్నడిగులు జీవకోశమనిరి. మనలోను వెనుక కొందఱు జీవకోశమని వ్రాసినవారు లేకపోలేదు. కోశమనగా ఒర, పెట్టె, బొక్కసము. లోపలను వెలుపలను గలది. హుక్కు పెట్టిన ఇంగ్లీషు పేరునకును చిన్న గది యనియే యర్థము. గదికి తలుపుండును, నూకకు తలుపుండదు. తలుపులేని వస్తువు తినునని చెప్పిన బాలుడెట్లు నమ్మును? వాడుకలో పాతుకొనిన పదమును నేడు పెల్లగింపుమని మేము కోరము. కాని యీ పదము చెప్పు మొదటి దినముననే, ఇది గది వంటిది, నూక వంటిది కాదు అని హెచ్చరింపని పాఠము అసంపూర్ణము.

క్లోమమనునది మఱియొక యుదాహరణము. ప్రాచీన వైద్యగ్రంథములలో నీ మాట యే యవయవమును సూచించునో పండితులలో నేకాభిప్రాయము లేదు. మన పుస్తకములు దానిని జీర్ణాశయము క్రిందనుండు గ్రంథికి స్థిరపఱచినవి. మంచిదే, పేరు ఏదైన నొకటి కావలయును. కాని యది యేమి చేయునో చెప్పక, క్లోమరసములోని ఎంజైముల పేరులను వరుసగా నేర్పుట, ఊరిలోని యొక యింటివారి పేరులు చెప్పి వారి వృత్తి చెప్పకపోవుట వంటిది.

ఇందుకు భిన్నముగా, కొన్ని పదములు తమంతట తామే పాఠము చెప్పగలవు. మనము వానిచేత చెప్పించుట లేదు. జీర్ణమను మాటను చూడుడు. జీర్ణదేవాలయమనుచున్నాము, జీర్ణవస్త్రమనుచున్నాము. శిథిలమై విడిపోయినదని యర్థము. అన్నమును లోపల శిథిలమై విడిపోవుచున్నది. పాలు త్రాగిన బిడ్డ పొట్టపై చేయివేసి, వాతాపిని అరిగించుకొనిన అగస్త్యుని తలచు అలవాటు మన తల్లులలో నున్నది. మాట యింటిలోనే యున్నది, భావము ఇంటిలోనే యున్నది. పాఠము మాత్రము వానిని పలుకరింపదు. అట్లే కణపు పొరను విచక్షణా త్వచమని వ్రాసినవారికి మేము నమస్కరించుచున్నాము. ఏది రావలయునో, ఏది రాగూడదో విచారించు చర్మము! ఇంత చక్కని మాటను, అర్థము చెప్పకయే, ఖాళీలను పూరింపుడను ప్రశ్నలో పడవైచుచున్నాము.

ఆ త్వచము పని చూచుటకు ప్రయోగశాల యక్కఱలేదు. వేసవిలో మన గృహిణులు మాగాయ పెట్టుట కందఱు నెఱుగుదురు. మామిడిముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో నుంచినచో మఱునాటికి ఊట యూరును. నీరు ఎవరును పోయలేదు. వెలుపల ఉప్పు హెచ్చగుటచే, ముక్కలోని కణములనుండి నీరు పొరను దాటి బయటికి వచ్చినది. పాయసమునకై నానవేసిన ఎండుద్రాక్ష ఉబ్బుట దీనికి ఎదురుపని; అచ్చట నీరు లోపలికి పోయినది. దీనికే ద్రవాభిసరణమని పేరు. పుస్తకము బంగాళాదుంపను తొలిచి, గిన్నెవలె చేసి, చక్కెరనీరు పోయుమనును. అదియు మంచి ప్రయోగమే. కాని జాడీ ప్రతియింటను నుండగా, దానిని చూపి యిదే శాస్త్రమని చెప్పినచో, బాలిక తన తల్లి చేయుపనిని గౌరవముతో చూచును. తల్లియు బిడ్డ చదువు తనకు పరాయిది కాదని యెఱుగును. పాలకు తోడు వేయుట సజీవకణములను నాటుట. అన్నపు ముద్దను మ్రింగక చాలసేపు నమలినచో తియ్యనగుట లాలాజలము గొలుసును త్రెంచుట. ఈ మూడును మూడుదినముల పాఠములు. ఖర్చు ఏమియు లేదు.

శాస్త్రమెట్లు తెలిసినదో చెప్పకుండుట మఱియొక లోపము. ఒక దృష్టాంతము చాలును. 1822లో అమెరికాలోని మాకినా దీవిలో అలెక్సిసు సెయింటు మార్టిను అను బీద కూలివాని పొట్టకు ప్రమాదవశమున తుపాకి గాయము తగిలెను. ప్రాణము దక్కెనుగాని కడుపునకు రంధ్రము పూడలేదు. అతనికి చికిత్సచేసిన విలియము బోమాంటు అను సైనికవైద్యుడు, పట్టుదారమునకు ఆహారపు ముక్కలు కట్టి, ఆ రంధ్రములో వ్రేలాడదీసి, గంటగంటకు లాగి చూచెను. జఠరరసమును సీసాలోనికి తీసి, వెచ్చగానుంచి, అందు మాంసపు ముక్కవేసి, కడుపు వెలుపలను అది కరగుట కనిపెట్టెను. 1833లో ఆ విషయములను గ్రంథముగా ప్రకటించెను. కడుపు కేవలము తిరుగలివలె నూఱుట లేదనియు, రసాయనికమైన రసముచేత కరగించుచున్నదనియు ఇట్లు రూఢియైనది. ఈ కథలో శాస్త్రమొక్కటియే లేదు. ఒక బీదవాని దేహము మీద మఱియొకనికి ఎంత యధికారముండవచ్చునను ధర్మప్రశ్నయు నున్నది. పండ్రెండేండ్ల బాలుడు దీనిని మఱచునా? మనము వానికి కథ మాని, జఠరరసములో పెప్సిను ఉండునను వాక్యమును మాత్రము ఇచ్చుచున్నాము.

ఇక ఫలము మాట. ఒకప్పుడు మా తరగతిలో చిన్నప్రేవును గుఱించి తప్పులేక ఒప్పగించిన యొక బాలికను, “అమ్మా, మీ తమ్మునికి విరేచనములగునప్పుడు ఈ ప్రేవులో నేమి జరుగుచుండును?” అని యడిగితిమి. ఆ బాలిక కొంతసేపు ఆలోచించి, “అది పుస్తకములో ప్రేవు కదండీ, మాస్టారూ” అనెను. ఆ పిల్ల తెలివితక్కువది కాదు. పాఠమునుగూర్చి మేము చెప్పదలచినదంతయు ఆమె ఒక్క వాక్యములో చెప్పినది.

పుస్తకములోని ప్రేవు తమ్మునిలోని ప్రేవైనచో ఏమగును? చిన్నప్రేవు లోపలిగోడనిండ సన్నని వ్రేళ్లవంటి ఆంత్రచూషకములున్నవి. వానిని కప్పియున్న కణములు చక్కెరను లోనికి తీసికొనునప్పుడు ఉప్పులోని సోడియమును తోడుగా తీసికొనును. రెండును జతగా పోవును. వాని వెంట నీరు పోవును. ఈ రహస్యమును 1960లో రాబర్టు క్రేను వివరించెను. కలరావంటి వ్యాధిలో ప్రేవునుండి నీరు ధారగా పోవుచున్నను, ఈ జంటదారి మాత్రము మూతపడదు. కావుననే ఉప్పును చక్కెరను తగుపాళ్లలో కలిపిన నీరు త్రాగించినచో బిడ్డ బ్రదుకును. 1971లో బంగాళాదేశ యుద్ధమున కాందిశీకులు లక్షలుగా వచ్చిచేరినప్పుడు, బనగాఁవ్ శిబిరములో డాక్టరు దిలీపు మహలనబీసు, నరములలోనికి ఎక్కించు ద్రవము చాలనందున, ఈ నీటినే కాందిశీకుల బంధువులచేత త్రాగింపించెను. నూటికి ముప్పదివఱకు నుండిన మరణములు ఆ చికిత్స పొందినవారిలో నూటికి నాలుగింటిలోపునకు తగ్గినవి. లీటరు శుభ్రమైన నీటికి ఆఱు సమచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు: ఇది యింటిలో చేసికొనదగిన పాళము, ఆరోగ్యకేంద్రములలో దొరకు పొట్లము ఇంకను శ్రేష్ఠము. ఈ పాళమును ఆరోగ్యకార్యకర్తలు చెప్పుచునే యున్నారు. కాని కారణమెఱుగని యుపదేశమును పెద్దవారి భయము సులభముగా జయించును. కణము, ప్రేవు, ఉప్పు, చక్కెర ఒకే పాఠములో కలిసినచో, పదునాలుగేండ్ల బాలిక తన అమ్మమ్మతో ధైర్యముగా, “నీరు పోయుదము, ఇందువలన పోయుదము” అని చెప్పగలదు. ఈ పాఠము విలువ పరీక్షలోని రెండు మార్కులు కాదు, ఒక ప్రాణము.

పోషణపాఠమున నిదే లోపము మఱియొక రూపమున నున్నది. విటమిను పేరు, దొరకు పదార్థము, లోపించిన వచ్చు వ్యాధి: మూడు నిలువువరుసల పట్టిక. బెరిబెరికి ఎదుట తయమిను అని వ్రాసిన పని యైపోయినది. కాని యీ వ్యాధి మన తెలుగుదేశమునకు పరాయిది కాదు. ఉత్తర సర్కారులలో అది యొకప్పుడు బలముగా నుండెను. జావాలో 1890ల దశకమున ఐక్మను అను డచ్చి వైద్యుడు, తెల్లబియ్యము తిన్న కోళ్లు కాళ్లు పడిపోవుటయు, తౌడు కలిపి పెట్టినంతనే కోలుకొనుటయు గమనించెను. తౌడులో నున్న దేదియో తెల్లబియ్యములో లేదని పిమ్మట తేలినది. మన దేశములో బెరిబెరిని విచారించుటకై 1918లో కూనూరులో మెకారిసను ప్రారంభించిన చిన్న పరిశోధనకేంద్రమే పెరిగి, 1958లో హైదరాబాదునకు వచ్చి, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థయను పేర వెలయుచున్నది. ఇంతకును తయమిను చేయు పనియేమి? కణములో చక్కెరను చివరివఱకు దహించి శక్తిగా మార్చుటకు అది యావశ్యకము. అది లేనివాడు కడుపునిండ అన్నము తిన్నను కణము ఆకలితో మాడుచుండును. కడుపు నిండుట వేఱు, కణము నిండుట వేఱు. పట్టిక చెప్పలేని యీ సత్యమును ఒక బెరిబెరి రోగి కథ చెప్పును. తౌడు పశువునకు వేసి, మల్లెపూవువంటి బియ్యమును మన విస్తరిలో వడ్డించుకొను మర్యాదలోని యవివేకము అప్పుడు బోధపడును. దంపుడు బియ్యమును ఉప్పుడు బియ్యమును పేదల తిండియని ఈసడించుట అప్పుడు మానుదుము.

రక్తహీనతయు నట్లే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నది. దీనికి కారణములు పెక్కు. అందు ఇనుము లోపము ప్రధానమైనవానిలో నొకటి. ఆకుకూరలు తినుడని పుస్తకము చెప్పును. తిన్న ఇనుమంతయు మనది కాదు. ప్రేవుగోడలోని కణము స్వీకరించినంతయే మనది. భోజనమైన వెంటనే త్రాగు తేనీరు ఆకుకూరలలోని ఇనుమును అడ్డగించును. నిమ్మరసమో ఉసిరికయో దానికి దారి యిచ్చును. కడపట తిని, మిగిలినది తిని, వెంటనే తేనీటితో సరిపెట్టుకొను మన యింటి స్త్రీల కీ రెండుమాటలు తెలియుట యెంత యవసరము! ఆడవారు చివర తినవలెనను ఆచారముమీదనే ఈ పాఠము వెలుగు ప్రసరింపజేయును. జీవశాస్త్రము సంఘసంస్కారమునకు దూరమైనది కాదు.

ఒక మహనీయుని పేరు ఇచ్చట స్మరింపక తప్పదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కెతో కూడ పనిచేయుచు, 1929లో కణములోని శక్తికి నాణెమువంటిదైన ఏటీపీని వేఱుపఱచిరి. అదే యేట జర్మనీలో లోమను అను నాతడును దానిని కనుగొనెను. తరువాత సుబ్బారావుగారి నాయకత్వమున పరిశోధకులు 1945నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. బొంబాయిలో గర్భవతుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్సు ఈస్టు సారములో నొక గుణము కలదని 1931లో చూపినది. ఆ గుణము ఫోలిక్ ఆమ్లముదేయని పిమ్మట తేలినది. నేడు మన గ్రామములలో గర్భవతులకు ఇచ్చు మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఇదియే. కణము, పోషణము, తెలుగువాని మేధ, గర్భవతి ప్రాణము, ఇన్నియు ఒక చిన్నమాత్రలో కలిసియుండగా, మన పాఠములలో నివి విడివిడిగా పడియున్నవి.

పాఠ్యప్రణాళిక యధికము, కాలము తక్కువ, పరీక్ష తప్పదు, కథలు చెప్పుటకు తీరిక యెక్కడిదని సహోపాధ్యాయులు మమ్ము అడుగుదురు. ఈ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. కాని మేము చేర్చుమనుట లేదు, కలుపుమనుచున్నాము. పేరులు పది తగ్గించి, కారణమొకటి చెప్పిన కాలము మిగులును. కారణమెఱిగిన బాలుడు పేరులను తానే పట్టుకొనును. పేరులు మాత్రమే యెఱిగినవాడు పరీక్షమఱునాడే వానిని విడిచిపెట్టును. శాస్త్రమును పదునాలుగేండ్ల బాలునికి నిజముగా బోధపఱచుట కష్టమనువారికి మా మనవి: వీరేశలింగముగారు శరీరశాస్త్రమును తెలుగువచనమున వ్రాసిననాడు పరిభాషయే లేదు. 1906లో వెలసిన విజ్ఞానచంద్రికా మండలివారు ప్రకృతిశాస్త్రములను ఇంటింటికి చేర్పబూనిననాడు పాఠశాలలే కొలది. వారికున్న కష్టము మనకు లేదు. వారికుండిన దృష్టి, అనగా చదువరి యింటిలో కూర్చుండి వ్రాయవలెనను దృష్టి, మనకు కావలయును.

కావున పాఠ్యపుస్తకములు కూర్చు పెద్దలకు మా విన్నపము స్వల్పము. జీర్ణపాఠమును కణముతో ప్రారంభింపుడు. పోషణపాఠమును కణముతో ముగింపుడు. ప్రతి కొత్తపదము వెంట దాని యర్థమును ఒక్క పంక్తిలో చెప్పుడు. వ్యాధి పేరు వచ్చినచోట, అది యెవరి యింటిలో, ఏ యాచారము వలన వచ్చుచున్నదో చెప్పుటకు జంకకుడు. తల్లిదండ్రులకు మా విన్నపము ఇంకను స్వల్పము. బిడ్డ పుస్తకము పట్టుకొని వంటయింటిలోనికి వచ్చినప్పుడు, ఇచ్చట నీ చదువేమిటని పంపివేయకుడు. జాడీ మూత తీసి, ఊట యెట్లు వచ్చినదో చెప్పుమని అడుగుడు. బిడ్డ చెప్పగలిగెనా, పాఠశాలలో పాఠము జరిగినది. చెప్పలేకపోయెనా, ఆ ప్రశ్నను మఱునాడు మాయొద్దకు పంపుడు.